ఆంప్‌లో మోత

చెల్లి బేస్ గిటార్ తీగ మీటింది. పక్కనున్న స్పీకరు పెట్టె, ఆంప్, మళ్లీ గుయ్యిమంది.

"కేబుల్ మార్చాను, ప్లగ్ మార్చాను. ఇంకేం చేయను, అన్నయ్యా?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆంప్‌ని తిట్టకు," అన్నాను, దాని మీదికి వంగి.

బ్యాండు మాస్టారు నన్ను తప్పించి నా చోట చెల్లిని తీసుకున్నారు. ఈ మోత ఆయన తన చెవులతోనే వినాలని, ఆయనకి ఫోన్ కలిపి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

"కాస్త వెనక్కి జరుగు."

జరిగాను. మోత ఆగింది. దగ్గరికొస్తే మళ్లీ మొదలైంది.

"నువ్వు దగ్గరికొస్తేనే మోత! జేబులో ఫోనుందా?" అంటూ లాగేసింది. తెరమీద మాస్టారి పేరు, పదకొండు నిమిషాలుగా నడుస్తున్న కాల్.

కట్ చేయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ. గుమ్మం దగ్గరికెళ్లి పట్టుకో. ఇప్పుడు వినమను."