నాలుగు గంటల హాజరు

సాయంత్రం నాలుగు కాగానే ఆ ముసలాయన హాజరు పిలిచేవాడు.

కాల్గరీలో ఒక ఓల్డేజ్ హోమ్. డిసెంబరు నెల. నాలుగింటికే బయట వెలుగు తగ్గిపోతూ ఉంటుంది. పెట్రో అనే ఆ తొంభై ఒక్కేళ్ళ మనిషి వీల్‌చెయిర్‌ను కిటికీ దగ్గరికి జరుపుకుని, మంచు కేసి చూస్తూ పేర్లు పిలిచేవాడు.

"ఓస్తాప్."

ఒక ఊపిరంత సేపు ఆగేవాడు. ఎవరో పలికినట్టు తల ఊపేవాడు.

"దనీలో."

మళ్ళీ ఆగేవాడు.

అలా ఇరవై మూడు పేర్లు. ఇరవై నాలుగోది తన పేరే. "పెట్రో" అని పిలుచుకుని, "ఉన్నాను" అని తనే పలికి, టీ అడిగేవాడు.

ఆ టీ ఇచ్చే పని సాత్వికది. కరీంనగర్ నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి ఇక్కడ పార్ట్‌టైమ్.

"ఎవరు వాళ్ళు?" ఒకరోజు అడిగింది.

"మా నాన్నతో ఉన్నవాళ్ళు."

"ఎక్కడ?"

ఆయన దూరంగా కొండల వైపు చూశాడు. "నువ్వేం చదువుతున్నావ్?" అన్నాడు.

"బిజినెస్. హిస్టరీ కూడా ఒక కోర్సు తీసుకున్నా. మొదటి ప్రపంచ యుద్ధం, విప్లవాలు కలిసి నాలుగు సామ్రాజ్యాలను ఎలా కూల్చాయో అసైన్‌మెంట్ రాయాలి."

"రాశావా?"

"రాశా. రష్యా, జర్మనీ, టర్కీ, ఆస్ట్రియా-హంగేరీ."

"ఆ రాజుల కాగితాలు జేబులో పెట్టుకుని వేరే దేశంలో ఉన్నవాళ్ళ సంగతి?"

"అది ప్రశ్నలో లేదు."

పెట్రో నవ్వాడు. "ఉండదు."

మర్నాటి నుంచి హాజరు అయ్యేదాకా ఆమెను పక్కనే నిలబడమనేవాడు. "విను" అనేవాడు. అంతే.

నిలబడేది. చెవిన పెట్టేది కాదు. ఎప్పుడైపోతుందా అని గడియారం చూసేది.

ఒకరోజు పదిహేడో పేరు దగ్గర ఎవరో దగ్గారు. పెట్రో కాదు. వెనక్కి తిరిగి చూస్తే కారిడార్ ఖాళీ.

ఆ తర్వాతి సోమవారం, ఇరవై మూడో పేరు అయ్యాక, పెట్రో తన పేరు పిలవలేదు.

తల తిప్పి ఆమె కళ్ళలోకి చూశాడు.

"సాత్విక."

ఆమె చేతిలో కప్పు జారిపోయింది.

ఆయన జవాబు కోసం ఆగాడు. చాలాసేపు ఆగాడు.

సాత్విక పరుగున నర్సు షెర్లీ దగ్గరికి వెళ్ళింది. షెర్లీది నర్సాపురం. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు.

"ఆంటీ, ఆయన పిలిచేదంతా చచ్చిపోయినోళ్ళ పేర్లు. అందులో నా పేరు కలిపిండు."

"పెద్ద వయసు కదమ్మా. మతి నిలకడగా ఉండదు. ప్రార్థన చేసుకో, భయం పోద్ది."

"నేనింక ఆ రూమ్‌కి పోను ఆంటీ. నా షిఫ్ట్ అయినా మార్చండి, ఆయన్నైనా మార్చండి."

షెర్లీ డాక్టర్‌తో మాట్లాడింది. పెట్రోను వెనక వైపు గదిలోకి మార్చారు. ఆ కిటికీకి ఎదురుగా గోడ. మూడున్నరకే నిద్రమాత్ర వేసేవాళ్ళు. నాలుగింటికి నిద్రలో ఉండేవాడు.

మారుస్తున్నప్పుడు ఆయన ఒక్కటే అడిగాడట: "ఆ అమ్మాయి విందా?"

తర్వాత ఒకసారి, దుప్పట్లు తేవడానికి, సాత్విక ఆ పాత గది తలుపు తీసింది. నాలుగు దాటింది. గది మూసి వారమైంది.

కిటికీ అద్దానికి లోపలి వైపు ఆవిరి పట్టి ఉంది. మనుషులు వరుసగా నిలబడి ఊపిరి వదిలినట్టు, పక్కపక్కనే ఆవిరి మరకలు, ఒకటి ఎత్తుగా, ఒకటి కిందగా.

దుప్పట్లు వదిలేసి వచ్చేసింది.

గది మార్చిన పదకొండో రోజున పెట్రో నిద్రలోనే పోయాడు.

జనవరి మొదటి వారంలో బర్నబీ అనే ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. పేరు అన్నా. పెట్రో చెల్లెలి కూతురు. చేతిలో చిన్న రికార్డర్ ఉంది.

"మామయ్య ఇక్కడ పేర్లు పిలిచేవాడా?"

"రోజూ పిలిచేవారు," అంది షెర్లీ.

అన్నా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా తాత పందొమ్మిదేళ్ళప్పుడు ఆస్ట్రియా చక్రవర్తి పాస్‌పోర్టుతో ఇక్కడికి వచ్చాడు, సేద్యం చేసుకుందామని. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఇక్కడి ప్రభుత్వం శత్రుదేశపు మనిషివని పట్టుకుని కొండల్లో ఖైదు క్యాంపులో పెట్టింది. రోజూ నాలుగింటికి వరుసలో నిలబెట్టి పేర్లు పిలిచేవాళ్ళు. కొందరు జబ్బుతో పోయారు. కొందరు పారిపోబోయి మంచులో పోయారు. గుర్తు కూడా పెట్టకుండా అడవిలో పూడ్చారు. యుద్ధం ముగిశాక వాళ్ళ ఇళ్ళకు కబురు పెడదామంటే, పాస్‌పోర్టు మీదున్న దేశమే లేదు."

"రికార్డులు ఉంటాయి కదా?" అడిగింది సాత్విక.

"ఆ క్యాంపు పుస్తకాలు ఎప్పుడో పోయాయి. పోయిన ఆ ఇరవై ముగ్గురి పేర్లూ తాత కంఠతా పట్టాడు. మామయ్యకు నేర్పాడు. మామయ్య ఎవరినీ రాయనిచ్చేవాడు కాదు. 'కాగితమే మా నాన్నను పట్టించింది' అనేవాడు. పాత కేలెండర్ ప్రకారం మా క్రిస్మస్ జనవరిలో. అప్పుడొచ్చి రికార్డ్ చేసుకో అని, ఆఖరికి ఒప్పుకున్నాడు. ఆ క్యాంపు ఉన్నచోట వాళ్ళ పేర్లతో ఒక రాయి నిలబెడదామని..."

ఆమె రికార్డర్ ఆన్ చేసి, ఇద్దరి ముఖాలూ చూసింది.

"మీలో ఎవరికైనా గుర్తున్నాయా?"

సాత్విక కళ్ళు మూసుకుంది.

"ఓస్తాప్... దనీలో..."

మూడోది రాలేదు.

అన్నా ఎదురుచూసింది. చివరికి రికార్డర్ ఆపేసింది.

"పోనీ, అన్నిటికన్నా చివర ఎవరి పేరు పిలిచేవాడు? తనదేనా?"

షెర్లీ సాత్విక వైపు చూసింది.

"ఎందుకు?" అంది సాత్విక.

"తాత చనిపోయే ముందు తన పేరు ఆపేసి, మామయ్య పేరు పిలిచాడు. మా ఇంట్లో అదే పద్ధతి," అంది అన్నా. "తన తర్వాత ఆ పేర్లు ఎవరి దగ్గర భద్రంగా ఉంటాయని నమ్మితే, వాళ్ళ పేరు చివర పిలుస్తారు."