ఓడ కింద చప్పుడు

"ఆ బూట్లు ఎండబెట్టొద్దని చెప్పానా!" అని మా అత్త మార్ఫా మళ్ళీ అంది.

"నాన్నవే కదమ్మా, నాకు సరిపోతాయి. గోతిలోకి మేజోళ్ళతో దిగమంటావా?" అన్నాడు నా భర్త ఐసెన్.

"మీ నాన్నకీ సరిపోయాయి. ఏమైంది?"

లేనా నది గడ్డకట్టాక సముద్రం నుంచి వచ్చిన సరుకు ఓడలు మా రేవులోనే ఆగిపోతాయి. మరమ్మతు కోసం వాటి అడుగున మంచు కొంచెం చెక్కి గొయ్యి చేసి, దాని అడుగు చలికి మళ్ళీ గట్టిపడ్డాకే ఇంకొంచెం లోతు చెక్కాలి. పోయిన చలికాలం మేస్త్రీ ఆగనివ్వలేదు. అడుగు పగిలి మామయ్య నీళ్ళలోకి జారిపోయాడు. శవం దొరకలేదు, కాళ్ళు పట్టి లాగితే బూట్లే చేతికొచ్చాయి. మంచు కరిగాక సరుకు మాత్రం వేళకే చేరింది.

బయట మధ్యాహ్నం నుంచీ చీకటే. రేవు వైపు మూడు దెబ్బలు వినిపించాయి, తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ మూడు. అలా కొట్టి, మంచుకు చెవి ఆనించి నీటి సడి వినడం మామయ్య అలవాటు.

"ఎవరో ఇంకా పనిలో ఉన్నారు," అన్నాడు ఐసెన్.

"రేవు నుంచి అందరికన్నా చివర వచ్చింది నువ్వేగా?" అన్నాను.

ఈసారి నిశ్శబ్దం చాలాసేపు సాగింది. తర్వాతి మూడు దెబ్బలు మా ఇంటి నేల కింద నుంచి వచ్చాయి.

అత్త బూట్లు తీసి గుమ్మం బయట పెట్టింది.

"అవి ఆయనకే కావాలి. ఈ ఇంట్లోంచి ఇక ఎవరూ గోతిలోకి దిగరు," అని పొయ్యి దగ్గరున్న మా పిల్లలతో సహా అందరికీ మెల్లగా చెప్పింది.