డంకన్ ఇంటి కట్టెలు

కెనడాలో ఏజాక్స్ అనే ఊరు దాటాక, మ్యూజియంగా మార్చిన ఒక పాతకాలపు చెక్క ఇంట్లో దేవిశ్రీ పార్ట్‌టైమ్ గైడు. స్కాట్లండ్ నుంచి వచ్చిన డంకన్ అనే రైతు అడవి నరికి కట్టుకున్న ఇల్లది. 1837లో అక్కడి బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు మొదలైనప్పుడు అతను కట్టెలు కొట్టడం సగంలో ఆపి, తుపాకీ పట్టుకుని వెళ్లాడు. పట్టుబడి దూరదేశపు జైల్లో చనిపోయాడు. ఆ చలికాలమే కట్టెలు అయిపోయి అతని భార్యా, పసిబిడ్డా చలికి పోయారు.

డిసెంబరులో ఒక రాత్రి దేవిశ్రీ లైట్లు ఆర్పుతుంటే పెరట్లో కట్టెలు కొడుతున్న చప్పుడు వినిపించింది. గేటు దగ్గరున్న గార్డు రాజగోపాల్ గారికి ఫోన్ చేసింది.

"అంకుల్, ఈ టైంలో కట్టెలు ఎవరు కొడుతున్నారు?"

"ఎవరూ లేరమ్మా. కెమెరాలో చూస్తున్నాగా, పెరడంతా ఖాళీ."

చప్పుడు ఆగింది. బరువైన అడుగులు మంచులో నడిచి తలుపు దాకా వచ్చాయి. ఎవరో గడప ముందు కట్టెల మోపు దించారు. పచ్చి చెక్క వాసన లోపలికి వచ్చింది. తర్వాత తలుపు మీద, నిద్రపోయే బిడ్డ లేస్తుందేమో అన్నంత మెల్లగా తట్టారు.

దేవిశ్రీకి భయం కన్నా ఏడుపు ఎక్కువ వచ్చింది. గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. తలుపు తీస్తే, లోపల ఎవరూ మిగల్లేదని అతనికి తనే చెప్పాలి.