ఒక్క ఇంటికి చోటు

"ఆ మేపుల్ చెట్ల జోలికి మాత్రం వెళ్లకు నాయనా!" మోకాలి లోతు మంచులో రొప్పుతూ అడ్డం నిలబడింది వెర్నా.

డెక్స్‌టర్ నవ్వాడు. అతని చంకలో ఎర్ర రిబ్బన్లు కట్టిన నాలుగు కర్రలున్నాయి. "అడవి నాకు అమ్మేశారుగా పెద్దమ్మా. ఇంకా ఈ పెత్తనమేంటి?"

అమ్మింది నిజమే. మోకాళ్లు మొరాయించి కొండెక్కలేక అమ్మింది. కానీ అంతకుముందే ఊళ్లోని అడవుల ట్రస్టుకు దస్తావేజు రాసిచ్చింది. ఎవరు కొన్నా, ఎన్ని తరాలు మారినా చెట్టు కొట్టకూడదు, నీటిని మళ్లించకూడదు, కట్టడం లేపకూడదు. ఒకే ఒక్క ఇంటికి మాత్రం, కొన్నవాడు రెండెకరాల చోటు ఎంచుకుని, అక్కడి చెట్లు కొట్టి కట్టుకోవచ్చు. అదీ ఒక్కసారే. రిజిస్టరయ్యాక మార్చడానికి లేదు.

ఆ ఒక్క ఇల్లే ఇప్పుడు ఆమె ప్రాణం తోడేస్తోంది. ఏటా తీపి పాకం కాచడానికి రసమిచ్చే తాతలనాటి చెట్లు ఈ బోస్టన్ మనిషి పాలబడ్డాయి.

"తొందరేముంది? మంచు కరిగాక ఒకసారి చూసుకుని..."

"ఈలోపు మీరు కోర్టుకెక్కడానికా? ఇరవయ్యేళ్లుగా ఇళ్లు కడుతున్నా, నా దగ్గరా ఈ వేషాలు?" అంటూనే డెక్స్‌టర్ ఆగిపోయాడు. కొండ దిగువన చెట్టూ చేమా లేని తెల్లటి మైదానం, చాప పరిచినట్టు చదునుగా ఉంది. "అమ్మ దొంగా! ఇంత మంచి చోటు దాచారా?"

"అయ్యో, అక్కడా? అది..."

"చాలు! మీరు వద్దంటున్నారంటే అదే అసలైన చోటు."

"నా మాట విను బాబూ, అక్కడ ఇల్లు..."

"ఒక్క ముక్క కూడా వినను."

వెర్నాకు ఒళ్లు మండింది. ఇక నోరు మూసుకుంది.

డెక్స్‌టర్ దిగి వెళ్లి సుత్తితో కర్రలు దిగ్గొట్టాడు. "అబ్బో, నేల రాయిలా ఉంది! పునాదికి ఢోకా లేదు."

ట్రస్టు ఆఫీసులో గుమాస్తా రెండుసార్లు అడిగింది, బాగా చూసుకున్నారా అని.

"స్వయంగా అక్కడ నిలబడి మరీ చూశా," అని సంతకం గీకేశాడు. సాయంత్రానికి రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది.

ఏప్రిల్ ఆఖరున తవ్వే యంత్రంతో దిగాడు డెక్స్‌టర్. మేపుల్ చెట్లన్నీ చిగురు తొడిగి నిలబడి ఉన్నాయి. వాటి కింద మడతకుర్చీలో వెర్నా, అట్టు మీద కొత్త పాకం పోసుకుని హాయిగా తింటోంది. ఆమెకింత సంతోషం కలిగి ఎన్నాళ్లయిందో!

"నా చోటేదీ?" గావుకేక పెట్టాడు డెక్స్‌టర్.

వెర్నా చెంచాతో దిగువకు చూపించింది. పైన పేరుకున్న మంచుగడ్డ కరిగిపోయి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా తళతళలాడే చెరువు. మూడు కర్రలు రిబ్బన్లతో సహా తేలుతున్నాయి, నాలుగోదాన్ని కర్రలతో గూడు కట్టే నీటిజంతువు బీవర్ ఒకటి నోట కరుచుకుని, నీళ్ల మధ్య తను కట్టుకుంటున్న ఇంటికి ఈడ్చుకుపోతోంది.