రెండక్షరాల కుట్టు

“గట్ల ఒత్తి పట్టకు అవ్వా, మళ్ల ఇరుగుతది.”

ఉమ టీచర్ ఆ మాట పూర్తి చేసేలోపే పెన్సిల్ మొన విరిగింది. బడి వదిలిన తరగతి గదిలో, చిన్నపిల్లల చాప మీద కూర్చున్న గోరీ తన చేతిని తానే చూసుకుంది. అరవై ఏళ్ల చేయి. బయ్యారం దగ్గరి ఆ తండాలో ఆమెలా మిరపకాయ తెంపేవాళ్లు ఇప్పటికీ లేరు. రెండక్షరాల పేరు మాత్రం రాయలేకపోతోంది.

“ఇగ నాతోని కాదు బిడ్డా. ఎప్పటిలెక్కనే ఏలు అద్దుత.”

“అద్దుడేంది యాడీ?” గోడకు ఆనుకుని నిలబడ్డ కొడుకు రాకేశ్ ముందుకు వచ్చాడు. తల్లిని తండా మాటలో యాడీ అనే పిలుస్తాడు. పెన్సిల్ తీసుకుని, బ్లేడుతో చెక్కి, మళ్లీ ఆమె వేళ్ల మధ్య పెట్టాడు. “అక్కకు భూమి ఇచ్చే కాగితం మీద నల్లటి ఏలు పెడ్తవా? నామోషీ కాదా?”

గోరీ పెన్సిల్ పట్టుకుంది.

భర్త పోయాక రెండెకరాల భూమి గోరీ పేరు మీదికి వచ్చింది. కూతురు చాందీ కూడా మొగుడు చనిపోయి ఏడాదిగా తల్లి దగ్గరే ఉంటోంది. ఒక ఎకరం కొడుక్కి, ఒక ఎకరం కూతురికి రాసివ్వాలని గోరీ కోరిక. వచ్చే పున్నమికి తండా పెద్ద రాంజీ నాయక్ వాకిట్లో పంపకం పెట్టుకున్నారు. సంతకం నేర్చుకొమ్మని తల్లికి చెప్పింది రాకేశే. నోటుపుస్తకం కొన్నదీ, రోజూ నాలుగింటికి బండి మీద తెచ్చి దింపేదీ అతనే.

“కొడుకంటే గట్లుండాలె,” అనేది బడిలో వంట చేసే సరోజన, గిన్నెలు తోముతూ. “మావోడు నన్ను దవాఖానకు తీస్కపోనీకే వంద సాకులు చెప్తడు.”

ఉమది కొడకండ్ల. బీఎడ్‌లో చదివినవన్నీ గోరీ మీద వాడి చూసింది. అక్షరాలను పాట కట్టి పాడించింది. పాట వచ్చింది, అక్షరం రాలేదు. గీసిన ప్రతి గీతకూ చప్పట్లు కొట్టింది. “నన్ను పసిపోరిని చేస్తున్నవు,” అని గోరీ నవ్వింది. బోర్డు నిండా పెద్దగా రాసి చూపించింది. చెరిపేయగానే గోరీ మరిచిపోయింది. ఒక్కొక్కరికి ఒక్కో దారిన చదువు వస్తుందనీ, రాకపోతే మార్చాల్సింది మనిషిని కాదు, దారినేననీ పుస్తకంలో ఉంది. గోరీ దారి ఏదో పుస్తకంలో లేదు.

పున్నమి ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఉమ బయటికి వచ్చేసరికి గోరీ బడి అరుగు మీద కూర్చుని రవిక మీద ఊడిన అద్దాన్ని కుడుతోంది. కళ్లు దారం మీద లేవు, రోడ్డు మీద పోయే ట్రాక్టర్ మీద ఉన్నాయి. సూది మాత్రం అద్దం చుట్టూ గుండ్రంగా తిరిగి వస్తోంది.

ఉమ ఆ పూట పలక తీయలేదు. గుడ్డపేలిక మీద సుద్దముక్కతో ‘గో’ రాసి ఇచ్చింది.

“దీని మీదికెళ్లి కుట్టు అవ్వా.”

“గిదా? గిది వంకర కుట్టే గదా! గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా?”

నాలుగు రోజుల్లో రెండక్షరాలనూ ఎర్రదారంతో ముప్పైసార్లు కుట్టింది. అయిదో రోజు పెన్సిల్‌ను సూదిలా పట్టుకుని కాగితం మీద రాసింది. అక్షరాలు కొంచెం పక్కకు ఒరిగాయి. అయినా గోరీ అనే ఉంది. ఆ రోజు తోడు వచ్చిన చాందీ తల్లి చేతిని తీసి చెంపకు ఆనించుకుంది.

“ఇంకో నెల పంపు అన్నా, చిన్న చిన్న మాటలు చదువుతది,” అంది ఉమ రాకేశ్‌తో.

“ముసలి పానం మేడం. పరేషాన్ చెయ్యకురి. సంతకం చాలు.”

తల్లి మీద ప్రేమ అనుకుంది ఉమ.

పున్నమి నాడు రాంజీ నాయక్ వాకిట్లో తండా అంతా కూర్చుంది. బయ్యారంలో రాయించుకొచ్చిన కాగితాన్ని రాకేశ్ తల్లి ముందు పరిచి, గాలికి లేవకుండా అంచులు పట్టుకున్నాడు.

“అవ్వ సంతకం పెడ్తదట!”

“పెట్టినంక మా ఆయనకు సుత నేర్పు అవ్వా,” అంది ఒకామె. అందరూ నవ్వారు.

గోరీ ఊపిరి బిగబట్టి రాసింది. చప్పట్లు మోగాయి. ఉమ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పది రోజుల తర్వాత గోరీ ఒక్కతే నడుచుకుంటూ బడికి వచ్చింది. చేతిలో ఆ కాగితం జిరాక్సు.

“బిడ్డా, గిండ్ల చాందీ పేరు యాడుందో జర సూపియ్యి. రాకేశ్ నడిమి గట్టు దున్నిండు. రెండెకరాలు నావే అంటుండు. చాందీ బట్టలు మూటగట్టుకొని భూపాలపల్లికి కూలికి పోయింది.”

ఉమ ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. చాందీ పేరు ఎక్కడా లేదు.

“నాకు నా పేరొక్కటే దొరుకుతది,” అంది గోరీ, కాగితం అడుగున వేలు పెట్టి.

ఉమ ఆమెను వెంటబెట్టుకుని రాంజీ ఇంటికి వెళ్లింది.

“ఊరంత కూసున్నం గద బాపు. నేను సుత చప్పట్లు కొట్టిన. ముందు ఒక్కలన్న చదివి వినిపియ్యకపోతిమి!”

రాంజీ కాగితం అందుకుని అడుగున ఉన్న సంతకం చూశాడు.

“మా తండా రివాజు మీకు ఎర్కలేదు మేడం. రాకేశ్‌కు ఎర్కనే.”

“ఏం రివాజు?”

“ఏలిముద్ర ఏసేటోళ్లకే చదివి వినిపిస్తం.”