పక్కపుట్టకు తడిమట్టి

చింతతోపులో ఒక చెదల రాణి ఉండేది. ఎండకు పుట్ట బీటలు వారకుండా ఆమె కూలీలు నేల అడుగునుంచి తడిమట్టి మోసేవారు. పక్కనే వేరే చెదలుండే చిన్నపుట్ట మీద రాణికి మనసైంది.

"ఈరోజు నుంచి అదీ మనదే! తడి మనమే అందిద్దాం," అని చాటించింది.

పుట్ట పెద్దదైందని మురిసిపోయింది గానీ, మోసేవాళ్లు పాతవాళ్లే. దారి దూరమై మట్టి మధ్యలోనే ఎండిపోయేది.

వేసవి ముదిరేసరికి సొంత పుట్ట గోడలు బీటలు వారి, రాణి గుడ్లన్నీ ఎండిపోయాయి.

"నా పిల్లల నోరు కొట్టి మీకు పంపాను. మీరైనా చల్లగా ఉన్నారా?" అని చిన్నపుట్ట నుంచి వచ్చిన ముసలి చెదను అడిగింది.

ముసలిది తల దించుకుంది.

"ఎక్కడ తల్లీ! నువ్వు చూసుకుంటానన్నావని, మా ఊటకు పోయే దారి అప్పుడే పూడ్చేసుకున్నాం."