మొగ పూడిన మంగళవారం

రొయ్యలు వొలవాలి. బిందె నింపాలి. చిరిగిన వల అతకాలి. పదకొండుకు ఉప్పుకట్ట మీదికి పోయి ఫోను ఎత్తాలి.

నాలుగు నెలలుగా స్వర్ణకు సాగుతున్నది ఆ చివరి పనొక్కటే. అదీ ఆశా వర్కరు చెంచులక్ష్మి వెంటబడబట్టి. ఇది దిగులు జబ్బని, పెద్దాసుపత్రికి పోతే ఒకరోజు వేట పోతుందని, ఫోనులోనే మాట్లాడి నయం చేస్తారని చెప్పి ఆమే స్వర్ణ పేరు రాయించింది.

పులికాట్ ఒడ్డున సిగ్నల్ దొరికేది ఆ కట్ట మీదే. స్వర్ణ అక్కడ కుదురుగా కూర్చోలేదు. అటు పది అడుగులు, ఇటు పది అడుగులు.

ఫోనులో ఆసుపత్రి కౌన్సెలర్ పుష్పకుమారి మేడం. తిన్నావా, నిద్ర పట్టిందా, మాత్ర వేసుకున్నావా. ప్రతి మంగళవారం అవే ప్రశ్నలు.

ఒకనాడు స్వర్ణకు ఒళ్ళు మండింది.

"నీకేం మేడం, ఫ్యాను కింద కూర్చోని ఎన్నయినా అడగతావు."

"అవును, ఫ్యాను కిందే. తిట్టమ్మా, వింటాను."

స్వర్ణ నీళ్ళకేసి చూసింది.

"బతకబుద్ధి కావడంలా. లోపల మొగ పూడినట్టుండాది."

సముద్రం సరస్సులోకి వచ్చే దారిని అక్కడ మొగ అంటారు. అది ఇసకతో పూడితే చేప లేదు, కూడు లేదు.

"నీళ్ళకు వీపు పెట్టి కూర్చో," అంది మేడం వెంటనే. "వల తెచ్చినావా?"

"సంచిలో ఉండాది."

"మొగ ఒక్కనాడు తెరుచుకోదు. రోజూ తట్టెడు ఇసక తీయాల. ఇయ్యాల వలలో తెగిన కన్ను ఒక్కటి అతుకు. నేను లైన్లోనే ఉంటా."

ఆ కన్ను అతకడానికి నలభై నిమిషాలు పట్టింది. మేడం ఫోను పెట్టలేదు. తర్వాత స్వర్ణ మొగుడు పెంచల్‌ను పిలిపించి, ఆమెను ఒంటరిగా వదలొద్దని చెప్పింది.

రోజుకో కన్ను, ఆపైన జానెడు. సగం వల అయింది. అది చెబుదామని భుజాన వేసుకుని పోతే, ఫోనులో వేరే గొంతు.

"నా పేరు వాణి. ఇకనుంచి నేను మాట్లాడతానమ్మా. ఎలా ఉన్నారు?"

"మొగ కొంచెం తెరుచుకునింది మేడం."

"మొగుడితో గొడవా అమ్మా?"

స్వర్ణ నడక ఆగిపోయింది. పుష్పకుమారి ఆ మాటకు ఒక్కసారైనా అర్థం అడగలేదు.

"ఆ మేడంది ఏ ఊరు?"

పోయిన శుక్రవారం ఆమె గుండెపోటుతో చనిపోయిందని, వాళ్ళది ఈ పక్క జాలర్ల కుప్పమేనని వాణి చెప్పింది. మిగతాదీ చెప్పింది. ఎవరైనా అడిగితే దాచొద్దన్నది ఆమె మాటేనట.

"ఇన్నాళ్ళూ మేడం అన్నానే," అంది స్వర్ణ. "అక్కా అని ఉండాల్సింది."

నీళ్ళకు వీపు పెట్టి కూర్చుని ఒక కన్ను అతికింది.

మీరెప్పుడైనా ఆ కట్ట మీదుగా పోతే పుష్పకుమారిని తలుచుకోండి. ఆరేళ్ళ కిందట అక్కడే అటు పది అడుగులు, ఇటు పది అడుగులు వేస్తూ ఆ ఫోను ఎత్తిన మొదటి రోగి ఆమే.